కాగితం మీద గురి

మార్చి నెలలో ఒక మంగళవారం ఉదయం, ఫలహారపు ప్లేట్లు కడిగి బోర్లించిన తరువాత, మ్యాక్సీన్ ఓర్ట్‌మన్ ఆ రోజు కార్యక్రమాన్ని భర్తకు తెలియజేసింది. మొదట లైబ్రరీలో పుస్తకాలు తిరిగి ఇవ్వాలి. తరువాత వెర్న్ దుకాణంలో రైఫిల్ ఎంచుకోవాలి. వచ్చేటప్పుడు బంగాళాదుంపలు తేవాలి.

"అలాగే," అన్నాడు వెండెల్. పెళ్లినాటి నుంచి అతను ఈ ఒక్క మాటతోనే సంసారాన్ని లాక్కొస్తున్నాడు. అంతకు మించిన మాట అవసరమైన సందర్భం అతనికింతవరకు తటస్థపడలేదు.

ఆమె కోరికలో వింత ఏమీ లేదు. హైస్కూలులో రేఖాగణితం బోధించి పదవీ విరమణ చేశాక, గడిచిన చలికాలమంతా ఆమె తమ ఊరు టర్కీ హాలోలోని షూటింగ్ క్లబ్బులో, క్లబ్బువారి రైఫిల్ అరువు పుచ్చుకుని, కాగితపు లక్ష్యాల మీద గురి సాధన చేసింది. వలయంలో వలయం, దానిలో మరో వలయం, నడుమ నల్లని చుక్క. మనుషులు చెప్పే ఏ విషయంలోనూ కనిపించని కేంద్రం ఆమెకు ఆ కాగితం మీద కనిపించింది. శనివారం నుంచి వసంతకాలపు పోటీలు మొదలవుతాయి. అందులో ఒక్క స్థానమే ఖాళీగా ఉంది. ఎవరి రైఫిల్ వారికి ఉండాలన్నది క్లబ్బు నియమం. ఆ రోజుకు లేకపోతే మళ్లీ వచ్చే వసంతమే. మ్యాక్సీన్ వయసులో వచ్చే వసంతాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు.

సెమీ ఆటోమేటిక్ కావాలనడానికి కూడా కారణం శుద్ధంగా శారీరకమే. రెండేళ్ల క్రితం మంచు మీద జారిపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. ప్రతి తూటాకూ బోల్టు వెనక్కి లాగి ముందుకు తోసే పాతకాలపు రైఫిల్‌తో పది తూటాలు పేల్చేసరికి చేయి భుజం దాకా సలుపుతుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటే తూటా వెళ్లి, తరువాతిది తనంతట తాను లోపలికి చేరే చిన్న రైఫిల్ అయితే ఆ బాధ ఉండదు.

అయితే ఆ ఊరివారు మొదటి తుపాకీని కొనుక్కోరు, అది వస్తుంది. జింకల వేట మొదలయ్యే రోజున బడికి సెలవిచ్చే ఊరది. పన్నెండేళ్లు నిండిన పిల్లకో పిల్లవాడికో తాతగారి రైఫిల్ చేతికి వస్తుంది. వారి నుంచి వారి మనుమలకు వెళుతుంది. మ్యాక్సీన్ తాతగారు ఫిలడెల్ఫియాలో టోపీలు కుట్టేవారు. నలభై నాలుగేళ్లుగా ఈ కొండల్లో ఉంటున్నా ఊరి దృష్టిలో ఆమె ఇంకా బయటి మనిషే.

దుకాణంలో వెర్న్ వారిని సాదరంగా ఆహ్వానించాడు. అంటే వెండెల్‌ను ఆహ్వానించాడు.

"రా రా వెండెల్! ఏం చూపించమంటావ్?"

"నాకు ఒక రైఫిల్ కావాలి," అంది మ్యాక్సీన్.

"ఓహో," అన్నాడు వెర్న్, వెండెల్ వైపే చూస్తూ. "ఆవిడకి ఏ రంగు ఇష్టం?"

"నేనిక్కడే ఉన్నాను వెర్న్. నువ్వు వెనక బెంచీలో దాక్కున్నప్పుడు కూడా నాకు కనపడేవాడివి. నేను నీకు మూరెడు దూరంలో ఉన్నా కనపడటం లేదా?"

"సారీ టీచర్." వెర్న్ లోపలికి వెళ్లి గులాబీరంగు రైఫిల్ ఒకటి తెచ్చాడు. "ఇప్పుడు ఆడవాళ్లందరూ ఇదే తీసుకుంటున్నారండీ."

"ఎవరెవరు తీసుకున్నారు?"

వెర్న్ వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి ఆగాడు. "ఇంకా ఎవరూ తీసుకోలేదనుకోండి."

మ్యాక్సీన్ తనకేం కావాలో చెప్పింది. చిన్న తూటాది, సెమీ ఆటోమేటిక్, తన చేతులు పొట్టివి కనుక భుజానికి ఆనే కర్ర పొడవు తగ్గించగలిగేది, చిన్న రంధ్రంలోంచి గురి చూసేది. వెర్న్ ముఖంలో రంగు మారింది.

"సెమీ ఆటోమేటిక్కా? దాంతో మన రాష్ట్రంలో జింకని కొట్టకూడదు టీచర్. కేసవుద్ది."

"జింకలతో నాకు తగువు లేదు."

"మరి ఎవరితో?"

"ఎవరితోనూ లేదు. కాగితం మీద గురి చూడటానికి."

"కాగితం," అన్నాడు వెర్న్. మెట్ల మీద నుంచి జారిపడ్డానని చెప్పే రోగి కమిలిన కంటిని చూసినప్పుడు వైద్యులు ఈ స్వరంలోనే మాట్లాడతారు.

ఆమె మూడు రైఫిళ్లు చూసింది. ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకోగానే మొదట తూటాలుండే మ్యాగజీన్ తీసి, లోపల తూటా లేదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకుంది. మొదటిది ముందువైపు బరువు. రెండవదాని ట్రిగ్గర్ తలుపు గొళ్లెంలా బిగుసుకుని ఉంది. మూడవది భుజంలో ఒదిగింది. దాని ట్రిగ్గర్ నొక్కితే గాజుకడ్డీ విరిగినట్టు ఒక్కసారిగా, స్పష్టంగా కదిలింది. వెర్న్ గురువారం దాకా దాన్ని పక్కన పెడతానన్నాడు. ఏ వస్తువునైనా చూశాక రెండు రాత్రులు నిద్రపోయి, అప్పుడు కొనడం మ్యాక్సీన్ పద్ధతి. ఆ రెండు రాత్రుల్లో ఆమె నిద్రపోయింది, ఊరు నిద్రపోలేదు.

బుధవారం ఉదయం వెర్న్ భార్య బోనీ, ట్యూనా చేప, నూడుల్స్, జున్ను కలిపి ఓవెన్‌లో కాల్చిన క్యాసరోల్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ ఊరిలో క్యాసరోల్ గడప తొక్కాలంటే ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉండాలి, ఆపరేషన్ అయి ఉండాలి, లేదా కాపురం విరిగి ఉండాలి.

"ఎవరు పోయారు?" అనడిగింది మ్యాక్సీన్.

బోనీ ఆమెను గట్టిగా కౌగిలించుకుంది. "నువ్వేం చెప్పద్దు తల్లీ. వాడెలా ఉంటాడో అదొక్కటీ చెప్పు చాలు."

"ఎవడు?"

"పొట్టా, పొడుగా?"

"బోనీ, నాకు ఎవరి గురించీ తెలియదు."

"మొహం కూడా చూడనివ్వలేదా, దరిద్రుడు!" అని బోనీ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి మరో మూడు క్యాసరోళ్లు వచ్చాయి. వెండెల్‌కు ఇందులో అభ్యంతరకరమైనదేమీ కనిపించలేదు.

సాయంత్రానికి వీధి మలుపులో ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. అందులో బోనీ తమ్ముడు కాపలా కూర్చున్నాడు. చెత్తడబ్బా బయటపెట్టడానికి వచ్చిన వెండెల్ తప్ప ఆ ఇంటి చుట్టుపక్కల మగ పురుగు కనిపించలేదని అతను చూసినదాన్ని చూసినట్టు నివేదించాడు. ఆ నివేదిక నుంచి ఊరు తీసిన నిర్ధారణలో తర్కదోషం లేదు: బయట ఎవరూ లేరంటే, భయం లోపలే ఉంది.

గురువారం ఉదయం పాస్టర్ డ్వైట్ వచ్చాడు. వెండెల్‌ను పెరట్లోకి పంపించి, తలుపు దగ్గరగా వేసి, ఎంతో మృదువుగా అడిగాడు.

"అమ్మా, వెండెల్ మీతో ఎలా ఉంటాడు?"

"ఎదురుగా కూర్చుని ఉంటాడు."

"ఎప్పుడైనా చెయ్యి..."

"పాస్టర్ గారూ, ఆ మనిషి ఎలుకల బోను కూడా నన్నే తెరవమంటాడు. మీరేం అడగదలచుకున్నారో పూర్తి వాక్యంలో అడగండి."

పాస్టర్ పూర్తి వాక్యం జోలికి పోకుండా పెరట్లోకి వెళ్లాడు. అక్కడ వెండెల్ కోళ్లకు గింజలు వేస్తున్నాడు.

"ఇంట్లో అన్నీ సవ్యంగా ఉన్నాయా వెండెల్?"

"ఆమె ఎలా అంటే అలాగే."

"కోపతాపాలు?"

"ఎవరికి, ఆమెకా?" వెండెల్ న్యాయంగా ఆలోచించి చెప్పాడు. "ఉంటాయి. కానీ ఊరికే రావు. మ్యాక్సీన్ ఏం చేసినా దానికొక కారణం ఉంటుంది."

పాస్టర్ అతని భుజం మీద చెయ్యి వేసి, అవసరానికి మించి అక్కడే ఉంచాడు.

ఆ మధ్యాహ్నం మ్యాక్సీన్ దుకాణానికి వెళ్లేసరికి మూడవ రైఫిల్ అద్దాల బీరువాలోనే ఉంది గాని, దాని తాళంచెవి వెర్న్ జేబులో ఉంది.

"అమ్మలేను టీచర్. సందేహం ఉంటే అమ్మనని చెప్పే హక్కు షాపు వాడికి ఉంటుంది. రూలే ఉంది."

"ఉంది. ఉండాలి కూడా. నీ సందేహం దేని మీద?"

"మీ ఇంటికి క్యాసరోళ్లు వస్తున్నాయంట కదండీ."

"మొదటిది నీ భార్యే తెచ్చింది. ఎందుకు తెచ్చింది?"

"మీ ఇంట్లో ఏదో జరుగుతోందని."

"ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు?"

వెర్న్ నేల చూపులు చూశాడు. "నేనే."

"నీకెలా తెలిసింది?"

"మీరు తుపాకీ కొనడానికొచ్చారుగా!"

"అంటే, నేను రైఫిల్ అడిగాను కనుక క్యాసరోల్ వచ్చింది, క్యాసరోల్ వచ్చింది కనుక రైఫిల్ ఇవ్వవు. రుజువు చేయవలసినదాన్నే ఆధారంగా తీసుకోకూడదని నేను నీకు ఏడాది పొడవునా చెప్పాను వెర్న్."

"నేను ఫెయిలయ్యాను కదండీ టీచర్," అన్నాడు వెర్న్ నిజాయితీగా.

శనివారానికి ఇక ఒక్క రోజే ఉంది. ఈస్టర్‌కు ముందు మాంసం మానే ఉపవాస కాలం కావడంతో శుక్రవారం సాయంత్రం ఊరంతా ఫైర్ స్టేషన్ హాలులో వేయించిన చేపలు తినడానికి చేరుతుంది. పుకారును ఒక్కొక్క ఇంటి దగ్గరా ఖండించడం కంటే, అందరూ ఒకచోట దొరికినప్పుడు ఒక్కసారే ఖండించడం పొదుపైన పద్ధతి అని మ్యాక్సీన్ భావించింది. ఆమె జీవితంలో చేసిన బహుకొద్ది పొరపాట్లలో ఇది ఒకటి.

ఆమె లేచి నిలబడగానే హాలు నిశ్శబ్దమైంది. సగంమంది ఆమె శిష్యులు. తక్కినవారు శిష్యుల తల్లిదండ్రులు.

"మూడు విషయాలు చెబుతాను. ఒకటి, నన్ను ఎవరూ బెదిరించలేదు, వెంటాడలేదు. రెండు, నా భర్త చీమకు కూడా హాని చేయడు. మూడు, నాకు ఈ భూమి మీద ఎవరన్నా భయం లేదు."

బోనీ చేతిలోని ఫోర్కు గాలిలో ఆగింది. "మరి తుపాకీ ఎవరి కోసం?"

"నా కోసం."

హాలులోని తలలన్నీ వెండెల్ వైపు తిరిగాయి. అతను తలవంచుకుని క్యాబేజీ తురుము తింటున్నాడు. బెదిరించేవాడు లేడు. భర్త గొర్రెపిల్ల. ఆమెకు ఎవరన్నా భయం లేదు. అయినా ఆమెకు జింకకు పనికిరాని తుపాకీ కావాలి. పైగా ఆమె ఏం చేసినా దానికొక కారణం ఉంటుందని ఆ గొర్రెపిల్లే పాస్టర్‌తో అన్నది. మంగళవారం నుంచి పోగుపడిన జాలి అంతా ఒక్క క్షణంలో బల్లకు ఆ చివర నుంచి ఈ చివరకు జరిగింది.

పదిమంది మగవాళ్లు వెండెల్‌ను బయటికి తీసుకుపోయారు.

"మా ఇంట్లో సోఫా ఉంది వెండెల్, ఎప్పుడైనా రా," అన్నాడొకడు.

"అలాగే," అన్నాడు వెండెల్.

"ఇంతకీ నీ దగ్గర ఏదైనా ఉందా?" అన్నాడు వెర్న్. "మీ తాత రైఫిల్ ఏమైంది?"

"అన్నయ్యకి వెళ్లింది."

"అన్యాయం! నీ దగ్గర ఒకటుండాలి వెండెల్. పద, షాపు తెరుస్తాను."

"అలాగే."

దుకాణంలో వెర్న్ దీపాలు వేసి, ఏది కావాలో చూసుకోమన్నాడు. వెండెల్ మూడు రోజులుగా ప్రతి భోజనంతోపాటూ విన్నది అప్పజెప్పాడు. మొదటిది ముందు బరువన్నాడు. రెండవదాని ట్రిగ్గర్ గొళ్లెంలా ఉందన్నాడు. మూడవదాన్ని అందుకుని, మొదట మ్యాగజీన్ తీసి, లోపలికి కంటితో చూసి, వేలు పెట్టి చూశాడు. వెర్న్ నోరు తెరిచాడు. గుంపులో గుసగుస బయలుదేరింది. కొనేవాడి నేరచరిత్ర గురించి చట్టం కోరే పరిశీలన ఫోనులో చిటికెలో ముగిసింది. ఎందుకు అని అడిగినవాడు లేడు. వెండెల్ ముత్తాత పేరు మీద ఆ కొండల్లో ఒక వాగు ఉంది.

ఇంటికి వచ్చి అతను పెట్టెను భోజనాల బల్ల మీద పెట్టాడు.

"నీ పుట్టినరోజు అక్టోబరులో కదా. ముందే ఇచ్చేస్తున్నాను."

మ్యాక్సీన్ పెట్టె తెరిచి, మ్యాగజీన్ తీసి, లోపల తూటా లేదని చూసుకుంది. "వెర్న్ ఏమీ అడగలేదా?"

"నాకు ఇంకోటి కూడా కావాలేమోనని అడిగాడు."

శనివారం ఉదయం క్లబ్బు మైదానంలో ఓర్ట్‌మన్ దంపతులు కారు దిగగానే అందరూ వారి వైపు తిరిగారు. రైఫిల్ పెట్టె మ్యాక్సీన్ చేతిలో ఉంది. వెర్న్ పరుగున అడ్డొచ్చాడు.

"అది వెండెల్‌ది కదా టీచర్?"

"నిన్న వెండెల్‌ది. ఇప్పుడు నాది. పుట్టినరోజు బహుమానం."

"నువ్వే ఇచ్చావా వెండెల్? నీ ఇష్టంతోనే?"

"నేనే ఇచ్చాను," అన్నాడు వెండెల్.

వెర్న్ భుజాలు వదులయ్యాయి. బోనీ గుండె మీద చెయ్యి వేసుకుని నిట్టూర్చింది. గుంపు గుంపంతా నవ్వింది. ఇంటి మనిషి చేతి నుంచి వచ్చింది! ఇక ఇందులో అనుమానించడానికి ఏముంది?

"ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేదా మ్యాక్సీన్?" అంది బోనీ, ప్రేమగా మందలిస్తూ. "నాలుగు రోజులు ఊరందరినీ హడలగొట్టావు."

మ్యాక్సీన్ దీనికి సమాధానం చెప్పదగిన మాటలన్నింటినీ పరిశీలించి, ఒక్కటీ ఉపయోగించలేదు. చెవులకు రక్షణ కప్పులు పెట్టుకుంది. ఆ పరికరం విలువ ఆమెకు అంతగా ఎన్నడూ తెలిసిరాలేదు. ఖాళీగా ఉన్న స్థానంలో నిలబడి, తనకు కేటాయించిన తూటాలను తొందర లేకుండా, ఒకదాని వెంట ఒకటి పేల్చింది. కాగితం దగ్గరికి తెప్పించి చూస్తే నల్లచుక్క ఉండవలసిన చోట ఒక్కటే రంధ్రం ఉంది. బొత్తాం పట్టేంత రంధ్రం.

వెర్న్ ఆ కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. అందరూ చుట్టూ మూగారు. అతను తల పంకించి, ముందుకు నడిచి, వెండెల్ చేతిని గట్టిగా ఊపాడు.

"ఏం ఎంచావయ్యా రైఫిల్!"

ఆ వసంతం నుంచి టర్కీ హాలోలో మొదటి రైఫిల్ కొనదలచినవారు వెండెల్ ఓర్ట్‌మన్ సలహా లేకుండా కొనడం లేదు. అతను ఇస్తున్నాడు కూడా.