ఇరవై రెండు టిక్కులు, ఒక తాళంచెవి

మనిషి ప్రాణాన్ని కాపాడేది జాగ్రత్త కాదు, టిక్కు! నవ్వకండి. ఈ మాట అంటున్నది పన్నెండేళ్లుగా ఒక యంత్రాల యార్డులో సూపర్‌వైజరుగా కుర్చీ అరగదీసిన మనిషి.

మా యార్డులో ఒక లోడరు ఉంది, ముందు రెండు ఇనుప చేతులతో బరువులెత్తే బండి. దాని ముందు స్ప్రెడరు తగిలిస్తాం. పెద్ద ఇనుప తొట్టి, దాని అడుగున పళ్లెం లాంటి చక్రం. తొట్టిలో సున్నం పోస్తే చక్రం గిర్రున తిరిగి పొలమంతా చిమ్ముతుంది. ఆ చక్రాన్ని తిప్పేది గొట్టాల్లో మహా ఒత్తిడితో పారే హైడ్రాలిక్ ఆయిలు. గొట్టానికి వెంట్రుకంత చిల్లు పడితే చాలు, ఆ ధార కంటికి కనబడకుండా చర్మంలోకి సూదిలా దిగిపోతుంది.

ఇలాంటి దాన్ని శుభ్రం చేసి గ్రీజు పెట్టాలంటే ఎన్ని జాగ్రత్తలు! ఇదివరకు అవన్నీ నిజంగా చెయ్యాల్సి వచ్చేది. ఎంత అనాగరికం!

హెడ్డాఫీసు వాళ్లు చల్లగా ఉండాలి, భద్రతా యాప్ ఇచ్చారు. ఇంజను ఆపారా? టిక్కు. లోడరు చేతుల కింద ఊతం పెట్టారా? టిక్కు. గొట్టాల్లో ఒత్తిడి తీసేశారా? టిక్కు. తాళంచెవి ఆఫీసు కొక్కేనికి తగిలించారా? టిక్కు! పొద్దున టీ చల్లారేలోపు ఇరవై రెండు ప్రశ్నలూ పూర్తి. ఫొటో కూడా అడుగుతుంది పాపం. ఏడాదిగా ఒకే ఫొటో పంపుతున్నాను. నడివేసవిలో కూడా అందులో వాన కురుస్తూనే ఉంది. ఎవరైనా అడిగారా? అడగలేదు సరికదా, ‘ప్రమాదరహిత యార్డు’ అంటూ దళసరి అట్ట మీద యోగ్యతాపత్రం పంపారు!

ఈ నాగరికత ఒంటపట్టనిది ఒక్క మా మెకానిక్కుకే. మా ఖర్మ కొద్దీ ఆయన మా అక్కయ్య భర్త.

బావ పద్ధతి చూస్తే మీకు జాలి వేస్తుంది. గొట్టం కారుతోందా అని చేత్తో తడిమి చూస్తే క్షణం పని. ఆయన కర్ర చివర అట్టముక్క కట్టి, దాని మీద ఆయిలు మరక పడుతుందేమోనని దూరం నుంచి గొట్టం వెంట జరుపుతాడు. ఇంజను ఆపాక లివర్లు అటూ ఇటూ ఆడించి ఒత్తిడి వదిలిస్తాడు. ఎర్రరంగు ఇనుప ఊతం మోసుకొచ్చి లోడరు చేతుల కింద బిగిస్తాడు. చివరికి తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకుంటాడు. కొక్కెం ఉండగా జేబెందుకు?

“కొక్కెం మీద నుంచి ఎవడైనా తీసుకోవచ్చురా. నా జేబులోంచి తియ్యాలంటే నన్నడగాలి.”

విన్నారా, ఎంత మొండితనమో!

మొన్న గురువారం ఏం జరిగిందో చెబుతాను, మీరే తీర్పు ఇవ్వండి. మా యాప్‌కు తెలివెక్కువ. ఇరవై రెండు టిక్కులూ పడగానే ‘యంత్రం సిద్ధం’ అని డ్రైవరు ఫోనుకు కబురు పంపేస్తుంది. ఆ రోజు నేను ఎప్పటిలాగే టీతో పాటే టిక్కులు ముగించాను. డ్రైవరు వచ్చి సీటెక్కాడు. ముందున్న తొట్టి కొండలా అడ్డం, దాని అవతల ఏముందో కనబడదు. చూస్తే యంత్రానికి తాళంచెవి లేదు, ఆఫీసు కొక్కేనికీ లేదు. రుసరుసలాడుతూ నా దగ్గరికొచ్చాడు.

“సిద్ధం అంటారు, తాళం ఉండదు! ఏంటి సార్ ఇది?”

నాకు ఒళ్లు మండింది. బయటికొచ్చి కేకేశాను. “బావా! తాళమేదీ?”

తొట్టి అడుగు నుంచి నింపాదిగా జవాబొచ్చింది. “నా జేబులో ఉంది. నా చెయ్యి ఈ చక్రం లోపలుంది. ముందు ఏది కావాలి నీకు?”

వంగి చూశాను. కుడి చెయ్యి భుజం దాకా లోపలే ఉంది. గడ్డకట్టిన సున్నాన్ని గోకుతున్నాడు. డ్రైవరు మొహం ఆ సున్నం కన్నా తెల్లగా అయింది. తాళంచెవి ఆ కొక్కేనికే ఉండి ఉంటే? అక్కయ్యకు ఏమని చెప్పేవాణ్ని? ఇరవై రెండు టిక్కులు చూపించేవాణ్నా?

అయినా డ్యూటీ డ్యూటీయే. నలభై నిమిషాల ఆలస్యానికి కారణం చెప్పమంది యాప్. ఇచ్చిన జాబితాలో ‘మనిషి లోపలున్నాడు’ అన్నది లేదు. అందుకని ‘సిబ్బంది నిర్లక్ష్యం’ నొక్కాను. సాయంత్రానికల్లా బావకు మెమో వచ్చింది. చదివి, మడిచి, తాళంచెవి ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు.  

శుక్రవారం పొద్దున యాప్ తెరిచాను. మొదటి ప్రశ్న దగ్గరే వేలు ఆగిపోయింది. ఫోను పట్టుకుని బావ వెనకే నడిచాను. ఊతం మొయ్యడానికి ఓ చెయ్యి వేశాను. అమ్మో, ఎంత బరువు! అట్టముక్క అరిగిపోయిందంటే ఆఫీసు గోడ మీది యోగ్యతాపత్రం తీసిచ్చాను. మంచి దళసరి అట్ట. రెండు చోట్ల లీకు దొరికింది. ఆయన పని ముగించి, చెయ్యి బయటికి తీసి, తాళం నా చేతిలో పెట్టాకే ఇరవై రెండో టిక్కు పడింది. మొదలుపెట్టి అప్పటికి రెండు గంటలైంది.

వారం తిరక్కముందే హెడ్డాఫీసు నుంచి నాకూ మెమో వచ్చింది. ‘ఇదివరకు మూడు నిమిషాల్లో ముగిసే తనిఖీకి ఇప్పుడు రెండు గంటలు పడుతున్నది. మీ యార్డులో భద్రత బాగా క్షీణించింది. కారణం తెలుపగలరు.’

జాబితా పైనుంచి కింది దాకా వెతికాను. ‘కుర్చీలోంచి లేచాను’ అన్నది అందులో లేదు. ఈసారి నా పేరు మీదే ‘సిబ్బంది నిర్లక్ష్యం’ నొక్కి, బావ కోసం అట్ట పట్టుకుని బయల్దేరాను.