మంత్రిగారి ముక్కు కింద స్క్రూ

అసలు స్క్రూ మంత్రిగారి ముక్కు కిందే ఎందుకుండాలి? కాస్త పక్కకి, చెవి దగ్గర ఉన్నా నాకింత వేదన ఉండేది కాదు. చెవి గీరుకుపోయినా మనిషికి మర్యాద మిగులుతుంది. ముక్కు అలా కాదు. ల్యాప్‌టాప్‌ను బోర్లా పెట్టుకుని నేనిలా ఆలోచిస్తుంటే, ఎదురు కుర్చీలో మా అమ్మాయి నా చేతిలో స్క్రూడ్రైవర్ వంకే చూస్తోంది. రేపు తనకు ఈ ల్యాప్‌టాప్ మీదే ప్రవేశ పరీక్ష. నమూనా పరీక్ష రాయబోతే సగంలోనే తెర బిగుసుకుపోతోంది.

తప్పు మంత్రిగారిది అనుకుంటే కళ్లు పోతాయి. పాత ప్రభుత్వం గోదాములో మగ్గబెట్టిన ల్యాప్‌టాప్‌లకు విముక్తి కలిగించి, పిల్లలకు పంచిన మహానుభావుడాయన. ఆ గోదాము ఊసెత్తితే ప్రతి సభలోనూ ఆయన గొంతు పూడుకుపోతుంది. అవి నత్తల్లా నడుస్తున్నాయని తెలియగానే, "ప్రతి ల్యాప్‌టాప్‌కూ కొత్త మెమరీ. ఇది నా మాట కాదు, నా శ్వాస" అని ప్రకటించారు.

ఆ శ్వాస ఒక కమిటీ చేతికి వచ్చింది. నేను ఆ శాఖలో గుమాస్తాను. పెద్దలు మాట్లాడింది రాసుకోవడం నా పని. డైరెక్టర్ గారు చదువుకున్న మనిషి. మెమరీ చిప్పుల్లో రకాలుంటాయనీ, లోపలున్న పాత చిప్పు ఏ రకమో చూసి దానికి సరిపడేదే కొనాలనీ, వేరే రకమైతే గాడిలో దిగనే దిగదనీ చక్కగా వివరించారు.

"అయితే చూడండి," అన్నాడు మంత్రిగారి పీఏ.

"చూడాలంటే వెనక మూత తియ్యాలండి. మూత తియ్యాలంటే స్క్రూలు తియ్యాలి. స్క్రూల మీద..."

స్క్రూల మీద మంత్రిగారి ఫొటో స్టిక్కర్ ఉంది. అడుగంతా పరుచుకుని నవ్వుతున్నారు.

"ఊడదీస్తారా?"

"ఊడి రాదండి. గీకాలి."

"మంత్రిగారిని గీకుతారా?"

డైరెక్టర్ గారు ముందు నీళ్లు మింగారు, తరవాత చదువు మింగారు. మూత తెరవక్కర్లేని దారి కూడా ఆయనే చూపించారు: బజార్లో అన్నిటికన్నా కొత్త రకం, అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నది కొనేద్దాం. మంత్రిగారి హోదాకు సరిపోతుందన్నాడు పీఏ. ల్యాప్‌టాప్‌కు సరిపోతుందా అని ఎవరూ అడగలేదు. నేను అడిగేవాణ్ణే, రాసుకోవడంలో ఉండిపోయాను. నా భయం మర్యాద తెలిసినది. ఎప్పుడూ చేతికేదో పని అప్పజెప్పి పక్కన కూర్చుంటుంది.

పంపిణీ సభలో మంత్రిగారు ఒక్కో చిప్పునూ మఖమల్ పెట్టెలో పెట్టి పిల్లలకు అందించారు. బిగించేదెవరని మా అమ్మాయి అడిగింది. ఆయన తల నిమిరి, "యువత భవిష్యత్తును యువతే బిగించుకోవాలి తల్లీ" అన్నారు. వెంటనే పీఏ మైకు అందుకుని, స్టిక్కర్ పాడుచేసినవాళ్ల ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకుంటామనీ, ఆ ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే అతని సంగతి కూడా చూస్తామనీ గుర్తుచేశాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

"నువ్వు గీకుతావా నాన్నా, నన్ను గీకమంటావా?" అంది ఇప్పుడు ఎదురు కుర్చీలోంచి అమ్మాయి.

"కొత్త చిప్పు దిగదేమోనమ్మా. లోపల ఏముందో చూడకుండా కొన్నారు."

"దిగకపోతే సరిపడేది పక్కవీధి కొట్లో దొరుకుతుంది. ముందు ఏ రకమో చూడనీ."

ఇంత చిన్న మాట మీద కమిటీలో ఎవరూ నిలబడలేదు. గోరు పనిచెయ్యలేదు. స్క్రూడ్రైవర్ అంచుతో మొదలుపెట్టాను. ఛాతీ పోయింది. గడ్డం పోయింది. నవ్వు పోయింది. దాని కింద మళ్లీ పళ్లు కనిపించాయి.

"నాన్నా, అడుగున ఇంకెవరో ఉన్నారు."

కళ్లజోడు తుడుచుకుని చూశాను. పాత ప్రభుత్వపు రంగుల్లో మరో స్టిక్కర్. ఛాతీ మీద అప్పటి పార్టీ బ్యాడ్జీ. పైన అదే నవ్వు, అదే ముక్కు.

"ఇంకెవరో కాదమ్మా," అన్నాను.

స్క్రూ ఇప్పుడూ ముక్కు కిందే ఉంది. స్క్రూడ్రైవర్ మొన అక్కడ ఆనించి, గట్టిగా నొక్కి తిప్పాను.