మగవారికి వర్తించని ఇన్ఫెక్షన్

ఆడవాళ్లకు బొడ్డు దిగువన, మోకాళ్లకు ఎగువన శరీరమనేది ఏదీ లేదని మన వ్యవస్థ ఏనాడో తీర్మానించింది. లేనిచోట దురద పుట్టడం కేవలం క్రమశిక్షణారాహిత్యం. అయినా కొందరికి పుడుతుంది.

సీతాఫల్‌మండి కల్పలతకు పుట్టింది. దురద, మంట, నురగనురగగా పచ్చటి స్రావం, చెడు వాసన. అత్తగారు విజయమ్మ కూర్చున్న చోటి నుంచి లేవకుండానే రోగనిర్ధారణ చేసేసింది.

"వేడి జేసింది బిడ్డా. సబ్జాలు నానబెట్టుకొని తాగు."

(ఆడవాళ్ల జబ్బులన్నిటికీ మన ఇళ్లలో కారణం ఒక్కటే. పరిశోధన ఎప్పుడో ముగిసింది.) ఇంట్లో సబ్జాలు అయిపోయాయి, మంట అయిపోలేదు. సబ్బుతో కడిగితే వాసన ఇంకాస్త పెరిగింది. మెడికల్ షాపాయన ఆమె మాట పూర్తి కాకముందే తల దించుకుని, ఏదో ఫంగస్ క్రీమును నల్ల కవర్లో చుట్టి, దొంగసొత్తు అప్పగించినట్టు చేతిలో పెట్టాడు. దానివల్లా లాభం లేకపోయింది.

చివరికి డాక్టర్ హదస్సా దగ్గరికి వెళ్లింది. ఆవిడ దూదిపుల్లతో నమూనా తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. (చూసి చెప్పే పద్ధతి కూడా ఒకటుందని కల్పలతకు అప్పుడే తెలిసింది.)

"ఇది ఫంగస్ కాదమ్మా, ట్రైకోమోనాస్ అనే క్రిమి. కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. మాత్రలతో పోతుంది. కానీ మీ ఆయన కూడా వేసుకోవాలి. ఆయనకు ఏ బాధా తెలియకపోవచ్చు, క్రిమి మాత్రం ఉంటుంది. ఆయన వేసుకోకపోతే మీకు మళ్లీ వస్తుంది. ఇద్దరికీ తగ్గేదాకా దూరంగా ఉండండి."

భర్త హరికిషన్ గారి ఆఫీసులో, ఉద్యోగుల కుటుంబాలకు మందుల ఖర్చు పాస్ చేసే ఆరోగ్య అనుమతుల విభాగం ఉంది. కల్పలత మందుల చీటీ తీసుకెళ్తే, దాని అధిపతి పర్వతాలు గారు ఇద్దరి వివరాలూ కంప్యూటరులో కొట్టారు. 'రోగి పురుషుడు. ఈ వ్యాధి పురుషులకు వర్తించదు' అని అది తీర్పు చెప్పింది.

"మేడం, మీది పాసైంది. సార్‌దే సిస్టమ్ తీసుకుంటలేదు."

"సార్ మందు ఏసుకోకపోతే నాకు మళ్ల వస్తదంట కదా!"

"వస్తే రాండ్రి మేడం, ఎన్నిసార్లయినా పాస్ జేస్త. ఈ జబ్బు కోడ్ గర్భసంచి ఉన్నోళ్లకే. సార్‌కు ఉన్నదా?"

లేదని కల్పలత ఒప్పుకుంది.

"పోనీ, సార్‌ను జెర ఫిమేల్ అని మార్పిస్తే అయిపోతది. సార్ సంతకం పెడితే చాలు."

సార్ పెట్టలేదు. కల్పలత మాత్రలు బయట కొని, మంచినీళ్ల గ్లాసుతో సహా ఆయన ముందు పెట్టింది.

"ఏందీ పరేషాన్? నాకు ఆ జబ్బు లేదని కంప్యూటరే అన్నది. నువ్వు కంప్యూటర్ కన్న ఎక్కువనా?"

"కూసుంటే మంట, లేస్తే మంట. బతుకు మీదనే విసుగొస్తుంది నాకు. గోళీ మింగనీకి మీకేం తక్లీఫ్?"

"నేను మగోణ్ని," అన్నారు హరికిషన్ గారు. కంప్యూటర్ తీర్పును ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, హాల్లో టీవీ పక్కన తగిలించారు. (దూరంగా ఉండమన్న సలహా కూడా తనకు వర్తించదని ఆయనే తేల్చుకున్నారు.)

కల్పలతకు తగ్గింది. మళ్లీ వచ్చింది. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. ఆమె పట్టుదలను మెచ్చి విభాగం వారు 'విశిష్ట రోగి' హోదా ఇచ్చారు. ఇక ఆమె క్యూలో నిలబడక్కర్లేదు. ఆ క్యూలో ఉన్నవాళ్లంతా అదే ఆఫీసు ఉద్యోగుల భార్యలు, అందరిదీ అదే జబ్బు. ఆమె అదృష్టానికి కాస్త కుళ్లుకున్నారు కూడా.

ఈ ఏడాది నివేదికలో విభాగం సగర్వంగా ప్రకటించింది: సంస్థలోని మగ ఉద్యోగుల్లో ఒక్కరికీ ఈ ఇన్ఫెక్షన్ లేదు. మరి వాళ్ల భార్యలకు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి ఒక కమిటీ వేశారు. ఇంట్లో అనుభవం ఉన్న మనిషి కాబట్టి, దానికి హరికిషన్ గారిని అధ్యక్షుణ్ని చేశారు.