నడివయసు నడవాలి, అరవై కూర్చోవాలి

మనిషిని వయసుకు తగ్గ చోట నిలబెట్టడం కన్నా గొప్ప నాగరికత ఈ భూమ్మీద ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం!

నవ్వకండి. కూరగాయల బండి మీద కూడా లేతవి ఒక పక్క, ముదురువి ఒక పక్క ఉంటాయి. మందుల షాపులో డేటు చూసి అరలు సర్దుతారు. మరి మనుషుల్ని మాత్రం పార్కులో కలగాపులగంగా వదిలేస్తామా? పసిపిల్ల పక్కన పెద్దాయన, పెద్దాయన పక్కన కుర్రాడు, కుర్రాడి పక్కన కుర్రాడి మేనత్త! అది పార్కా, ఆఫీసులు వదిలే వేళ బస్సా?

మా కాలనీలో ఆ అరాచకానికి తెర దించిన మహానుభావుడు మా అసోసియేషన్ సెక్రటరీ. ఆయన కంపెనీ వాళ్లు మానవ వికాసం మీద ఆయనకు రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టించారు. మనిషి పుట్టడం, పెరగడం, పోవడం ఊరికే జరిగిపోవట్లేదనీ, అంతా దశలవారీగా నడుస్తోందనీ అక్కడ తేలింది. ప్రతి దశకూ ఒక పని ఉంటుందట. ఆ పని ఆ దశలో చేయకపోతే మనిషి వికసించడట, వికటిస్తాడట!

అప్పటిదాకా దశ అంటే ఎప్పుడో ఒకప్పుడు తిరిగేది అని మాత్రమే మాకు తెలుసు. ఆయన వచ్చాక దశ తిరగలేదు గాని, మేం మాత్రం తిరగడం మొదలుపెట్టాం.

వారం తిరక్కుండా పార్కు గేటు పక్కన బోర్డు వెలిసింది. ఆరేళ్ల లోపు వాళ్లకు ఇసుక గుంట, ఎందుకంటే అది స్పర్శ దశ. పన్నెండు దాకా ఉయ్యాలలు, జారుడు బల్ల. అది సాహస దశ. పదమూడు నుంచి పంతొమ్మిది వరకు ప్రహరీ గోడ. 'నేనెవరు?' అని తమను తాము వెతుక్కునే దశ కనుక, గోడకు ఆనుకుని వెతుక్కోవచ్చు. ముప్పై అయిదు దాకా జిమ్ము. అక్కడి నుంచి అరవై లోపు వాళ్లకు వాకింగ్ ట్రాకు. అరవై వచ్చాక బెంచీలు. అది సింహావలోకన దశ, అంటే వెనక్కి తిరిగి జీవితాన్ని చూసుకోవడమన్న మాట. మా బెంచీలకు వెనక ఆనుకునే చెక్కలు ఎప్పుడో ఊడిపోయాయి కనుక వెనక్కి చూసుకోవడానికి ఏ అడ్డూ లేదు. పడిపోకుండా ఉంటే చాలు!

అడుగున ఎర్ర అక్షరాలతో ఇంకో మాట. 'నడివయసు అంటే నడిచే వయసు. ట్రాకు మీద ఆగరాదు, కూర్చోరాదు.'

ఎంత సుఖం చూడండి! ఎవరు ఎక్కడుండాలో ఆలోచించే బాధ తప్పింది. ఆ మర్నాడే ఒక పిల్ల పదమూడో పుట్టినరోజు కేకు తిని, మూతి కూడా తుడుచుకోకుండా ఉయ్యాల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిన్నటిదాకా ఊగానుగా మావయ్యా!"

"నిన్నటిదాకా నీకు సాహసం తల్లీ. ఇవాళ్టి నుంచి నువ్వెవరో నీకు తెలీదు. పో, గోడ దగ్గర వెతుక్కో."

ఇంతటి స్పష్టత ఏ తండ్రి ఇవ్వగలడు? ఏ టీచరు చెప్పగలడు?

అయితే ఎంత మంచి సంస్కరణకైనా గొణిగేవాళ్లు ఉంటారు. ఈ సంస్కరణకు గొణిగినాయన మీటరు బాబాయి. ఉద్యోగమంతా కరెంటు మీటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో పరీక్షించి, ఈ మధ్యే అరవై నిండి ఇంట్లో పడ్డాడు. భార్య కుట్టు పిన్ని. బాల్కనీలో మిషను పెట్టుకుని కాలనీ పిల్లలందరికీ గౌన్లు కుడుతుంది. పిల్లలు పెరుగుతారని లోపల రెండంగుళాలు మడిచి కుట్టడం ఆవిడ అలవాటు. ఆవిడకు యాభై ఏడు.

ఇద్దరూ రోజూ సాయంత్రం దీపస్తంభం కింది బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఎందుకనుకున్నారు? గాలి కోసమా? కాదు, పోట్లాడుకోవడానికి!

ఇంట్లో పోట్లాడే వీలేదీ? ముందు గదిలో కొడుకు ఆన్‌లైన్ మీటింగులు. వీళ్లు నోరు తెరిస్తే చాలు, చెవులకు హెడ్‌ఫోన్లతో వేలు పైకెత్తి ఉష్ అంటాడు. పడకగదిలో కోడలు డిపార్ట్‌మెంట్ పరీక్షకు చదువుకుంటుంది. మధ్య గదిలో మనవరాలి నిద్ర. అది లేచిందంటే మీటింగూ పోతుంది, పరీక్షా పోతుంది. కనుక ఉదయం నుంచి పేరుకున్న మాటలన్నీ మూటగట్టుకుని బెంచీ మీదికి తెచ్చేవాళ్లు. కూరలో ఉప్పు దగ్గర మొదలై, పెళ్లయిన కొత్తలో ఆయన తప్పిపోనిచ్చిన రైలు దగ్గర తేలేవాళ్లు. వాళ్లది ప్రేమ పెళ్లో కాదో నాకు తెలీదు గాని, పోట్లాట మాత్రం ఎంతో ప్రేమగా పోట్లాడుకునేవాళ్లు.

బోర్డు వచ్చింది. బాబాయి బెంచీకి అర్హుడయ్యాడు. పిన్ని ట్రాకు మీదికి బదిలీ అయింది.

మొదటి సాయంత్రం బాబాయి బెంచీ మీద ఒంటరిగా కూర్చుని వెనక్కి తిరిగి జీవితాన్ని చూసుకోబోయాడు. కళ్లు మాత్రం ట్రాకు మీదే ఉన్నాయి. పాత మీటర్లో చక్రం తిరుగుతుంటే దాని మీది నల్ల గీత మాటిమాటికీ ముందుకొచ్చినట్టు, పిన్ని తిరిగి తిరిగి ఎదురుగా వస్తోంది. వచ్చినప్పుడల్లా ఒక్క మాట విసిరి పోతోంది. ఆగితే వాచ్‌మన్ విజిల్!

"మీ చెల్లెలు ఫోన్ చేసింది!" అని వెళ్లిపోయింది.

బాబాయి ఒక రౌండు ఓపిక పట్టాడు. "ఏమందీ?"

"మీకు చెప్పొద్దంది!"

ఇంకో రౌండు. "చెప్పొద్దంటే నాకెందుకు చెబుతున్నావే?"

"చెప్పానా? ఎక్కడ చెప్పానూ?"

పక్క బెంచీ మీద హెడ్మాస్టరుగారికి వినికిడి తక్కువ. "ఏమయ్యా, ఆవిడేమంది?"

"ఇంకా రాలేదండీ. వస్తోంది, ఆ మలుపు దగ్గరుంది."

నాలుగు రోజుల్లో బెంచీల జనమంతా తమ సింహావలోకనాలు కట్టిపెట్టి పిన్ని రౌండు కోసం ఎదురుచూడటం మొదలెట్టారు. బాబాయికి మాత్రం కడుపు నిండటం లేదు. ఒక్కో మాటా విడివిడిగా వస్తే అది పోట్లాట ఎలా అవుతుంది? మధ్యలో అడ్డుపడటానికి లేదు, ఆవిడ కళ్లు చిట్లించడం కనబడదు, చివర్లో "సరేలే పదండి" అని ఆవిడ తన చెయ్యి పట్టుకుని లేవడం అసలే లేదు. ఇంటికెళ్తే మళ్లీ ఉష్!

ఒక సాయంత్రం నల్ల గీత రాలేదు.

బాబాయి లేచాడు. ట్రాకు అవతలి మలుపులో పిన్ని మోకాలు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. విజిల్ నోట్లో పెట్టుకున్న వాచ్‌మన్ ఊదలేకా, ఊరుకోలేకా చూస్తున్నాడు.

"అమ్మా, లేవండమ్మా. నాదేం లేదు. సెక్రటరీగారు ఫోన్లో కెమెరా చూస్తుంటారు."

బాబాయి వెళ్లి ఆవిడ పక్కనే చతికిలబడ్డాడు.

"అయ్యో, మీరిక్కడ ఉండకూడదు సార్. మీ దశ అటు."

"ఒరే," అన్నాడు బాబాయి. "ఉద్యోగమంతా మీటర్లు చూశాను. చక్రం ఆగిందంటే ఇంటికి కరెంటు పోయిందని అర్థంరా. పోయి నీ సెక్రటరీకి చెప్పు."

ఆదివారం అసోసియేషన్ మీటింగులో బాబాయి లేచి నిలబడ్డాడు. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు నలుగురినీ చూడగానే ఎటో పోయాయి. "బెంచీ... మోకాలు... ఒక్క అరగంట..." అన్నాడు.

సెక్రటరీ చిరునవ్వు నవ్వాడు. నల్లగా నిగనిగలాడే జుట్టు సవరించుకుని, గోడ మీద వెలిగే స్లైడులో ఒక గడి చూపించాడు. "పిన్నిగారిది ఉత్పాదక దశ బాబాయిగారూ. ఇప్పుడే కూర్చోబెట్టామనుకోండి, ఆవిడ వికాసం ఆగిపోతుంది. మూడేళ్లు ఓపిక పడితే ఆవిడ దశ ఆవిడకే వస్తుంది."

"మూడేళ్లా? అప్పటికి నేను అడగాల్సినవన్నీ మర్చిపోతానయ్యా!"

అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు. కూర్చోబోతూ భార్య వైపు చూశాడు. నలభై ఏళ్లలో ఏ పోట్లాటలోనూ ఆయన అలా ఓడిపోయిన మొహంతో చూడలేదు.

పిన్ని కుర్చీ చెయ్యి ఊతంగా పట్టుకుని లేచింది.

"నాకు అరవై రెండు," అంది.



పాఠకులారా, ఆ క్షణం ఎలాంటిదో గ్రహించారా? ఆడదే కానీ, మగవాడే కానీ, మనిషన్నవాడు నలుగురిలో నిలబడి నిక్షేపంగా తన వయసు పెంచుకోవడం! పెరిగే పిల్ల గౌనుకు లోపలి కుట్టు విప్పినట్టు, ఆవిడ ఎక్కడో మడిచి దాచిన ఏళ్లను టక్కున వదిలేసింది.

పై ఫ్లాటు ఆయన గుండె పట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ చెల్లెమ్మా చెల్లెమ్మా అని పిలిచానే! ఇక అక్కయ్యా అనాలా?"

బాబాయి మొహం మీటరు వెనక్కి తిరిగినంత వింతగా ఉంది. కాలనీ ఆడవాళ్లంతా ఆయన్ని ఎగాదిగా చూశారు. తనకన్నా పెద్దదాన్ని చేసుకున్నాడా ఈయన!

"రుజువేంటండీ?" అన్నాడు సెక్రటరీ.

"ఏ ఆడదైనా నలుగురిలో వయసు పెంచి చెబుతుందా నాయనా? ఇంతకన్నా రుజువు కావాలా నీకు?"

"చెప్పదు! చెప్పదు!" అన్నారు వెనక వరస ఆడవాళ్లు ఒక్క గొంతుతో. సెక్రటరీ తన వర్క్‌షాప్ జ్ఞానమంతా వెతికాడు. ఈ ముక్కకు జవాబు ఏ స్లైడులోనూ లేదు. పిన్నికి అరవై రెండేనని తీర్మానం అయిపోయింది.

మర్నాడు సాయంత్రం పిన్ని బెంచీ మీద కూర్చుని మోకాలికి చేతిసంచీ ఊతం పెట్టుకుంటుంటే, పుట్టినరోజు పిల్ల గోడ వదిలి వచ్చి ఆవిడ పక్కన ఇరుక్కుంది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"నాకు డెబ్బై," అంది పిల్ల, రెండు జడలూ ఊపుతూ.

వాచ్‌మన్ కాసేపు తల గోక్కున్నాడు. "ఏ ఆడదైనా పెంచి చెబుతుందా!" అని తనకు తానే నచ్చజెప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ మీదట ఆపేదెవరు? జిమ్ములోని కుర్రాడికి అరవై అయిదు వచ్చేశాయి. ఇసుక గుంటలో పసివాణ్ని ఎత్తుకున్న తల్లి తనకు అరవై, వాడికి అరవై ఒకటి అంది! ఎదిగిన వాళ్లంతా ఒకరి మీద ఒకరు ఒదిగి కూర్చున్నారు. మనవలు తాతల ఒళ్లో, అత్తలు కోడళ్ల పక్కన. మా కాలనీ ఎంత వృద్ధి చెందిందంటే, వెతికినా వృద్ధులు కానివాళ్లు దొరకలేదు!

కాదు, ఒక్కరున్నారు. సెక్రటరీ.

వర్క్‌షాప్ బ్యాడ్జీ మీద ఆయన తన వయసు నలభై నాలుగు అని రాసుకున్నాడు. ఇప్పుడు ఆ ట్రాకంతా ఆయనదే. భార్యాపిల్లలు బెంచీ మీద కబుర్లాడుకుంటుంటే ఆయన ఒక్కడే గుండ్రంగా వికసిస్తున్నాడు. 'అరవై' అన్న మాట గొంతుదాకా వచ్చేది. నెత్తి మీది రంగు గుర్తొచ్చి మళ్లీ లోపలికి పోయేది.

ఒక సాయంత్రం ఆయన బెంచీల ముందుకు వచ్చేసరికి పిన్ని భర్తతో అంటోంది. "సరే, ఇన్నాళ్లు చంపుకు తిన్నారు కదా, చెబుతా వినండి. మీ చెల్లెలు ఆ రోజు ఏమందంటే..."

సెక్రటరీ కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి.

విజిల్ మోగింది. "సార్! ట్రాకు మీద ఆగకూడదు!"

ఆయన కదిలాడు. వెనక పిన్ని గొంతు తగ్గింది.

"'అన్నయ్యకు అరవై వచ్చాయిగా వదినా, ఇకనైనా కాస్త ఎదిగాడా?' అని అడిగింది."

"నువ్వేమన్నావ్?"

"ఆ దశ ఇంకా రాలేదన్నాను!"

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. హెడ్మాస్టరుగారు వినబడకపోయినా అందరికన్నా గట్టిగా నవ్వారు. బాబాయి "అది అసలు చిన్నప్పుడు..." అంటూ లంకించుకున్నాడు. పిన్ని కళ్లు చిట్లించి మధ్యలోనే అడ్డుపడింది. అవతలి మలుపులో సెక్రటరీ మెడ సాచి చూస్తున్నాడు. అడుగులు పెద్దవి వేసుకుంటూ చుట్టి వచ్చాడు.

"ఏమందటండీ?" అన్నాడు, ఆగకుండానే.

"మళ్లీ రౌండుకు చెబుతాం నాయనా!" అన్నాడు బాబాయి.

అందుకే మళ్లీ అంటున్నాను, దశలు వర్ధిల్లాలి! బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది. అక్షరాలు చక్కగా ఉన్నాయి, రంగులు వెలవలేదు. ఏ వయసులో ఏం చేయాలో అంత వివరంగా రాసినవాళ్లు, ఎవరి పక్కన కూర్చుని చేయాలో రాయడం మాత్రం మరిచిపోయారు. పాపం, రెండు రోజుల వర్క్‌షాపే కదా, అంత దూరం వచ్చి ఉండరు.

నా వయసా? ముందు ఆ బెంచీ మీద చోటుందో లేదో చూసి చెప్పండి. దాన్నిబట్టి చెబుతాను.