లార్కన్ సంఘంలో బూడిదమ్మ వెలిసిన వైనం

లార్కన్ గృహ సహకార సంఘ సభ్యులందరికీ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్ వారాలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం మూడున్నర గంటలకల్లా ప్రతి కిటికీలోనూ ఒక కాగితపు నక్షత్రం వెలగవలెను. నక్షత్రం వెలిగించిన సభ్యులు ప్రశాంతముగా ఉండవలెను. ప్రశాంతముగా ఉండలేనివారు తగిన కారణములను నవంబరు ఇరవయ్యో తేదీలోగా రాతపూర్వకముగా తెలుపవలెను.

ఈ నోటీసు నాలుగేళ్ల కిందటిది. మాటలు మా అధ్యక్షుడు టోర్‌స్టెన్ హాల్‌క్విస్ట్‌వి, చేతిరాత సంఘ కార్యదర్శినైన నాది. టోర్‌స్టెన్ ఉద్యోగంలో ఉన్నంతకాలం రోడ్ల మీద తెల్లగీతలు వంకర పోకుండా చూసేవాడు. రిటైరైన మర్నాటి నుంచి మమ్మల్ని చూస్తున్నాడు. మా నలభై ఎనిమిది కుటుంబాలు ఒకే ముంగిలి చుట్టూ కాపురం ఉంటూ ఇంతవరకు కొట్టుకోలేదంటే అది ఆయన మీటింగుల చలవే. మీటింగు ముగిశాక కొట్టుకునే ఓపిక ఎవరికీ మిగలదు.

నోటీసులో ప్రశాంతత అన్న మాట ఆ ఏడే కొత్తగా చేరింది, గున్వోర్ సాండెలిన్ పుణ్యమా అని. బడిపిల్లల పళ్లు చూసే నర్సుగా పనిచేసే గున్వోర్ అప్పటికి పద్నాలుగేళ్లుగా మా అలంకరణ ఉపసంఘానికి నాయకురాలు. ఆ ఉపసంఘంలో సభ్యులు కూడా ఆమే. అక్టోబరులో ఆరోగ్య కేంద్రంలో బీపీ చూసిన నర్సు, గున్వోర్ ముఖం వంక కాసేపు అలాగే చూసి, చీటీ మీద మందు పేరు రాయకుండా “రోజుకు ఇరవై నిమిషాలు తన కోసం” అని రాసి ఇచ్చిందట. గున్వోర్ రాసి ఇచ్చినదాన్ని గౌరవించే మనిషి. ఇంటికి రాగానే ఫ్రిజ్ తలుపు మీద టైంటేబులు అంటించింది. సాయంత్రం ఐదు నుంచి ఐదూ ఇరవై దాకా విశ్రాంతి. మొదటిరోజు పద్దెనిమిది నిమిషాలకే విశ్రాంతి పూర్తిచేసి, ఆదా అయిన రెండు నిమిషాల్లో గిన్నెలు తుడిచింది. ఈ సంగతి ఆమె భర్త ఆల్వార్ నాతో గర్వంగా చెప్పుకున్నాడు. ఆల్వార్ మంచివాడు. భార్య విశ్రాంతికి భంగం కలగకూడదని గదిలోకి అడుగు పెట్టేవాడు కాదు. తలుపు బయటే నిలబడి, కత్తెర ఎక్కడుందో చాలా మెల్లగా అడిగేవాడు.

టోర్‌స్టెన్‌కు ఈ విశ్రాంతి సంగతి తెలిసి నచ్చింది. నచ్చినదాన్ని తప్పనిసరి చేయడం ఆయన స్వభావం. అలా సంఘమంతటికీ ప్రశాంత డిసెంబరు ప్రకటించారు. దాని నిర్వహణ కూడా, అనుభవం దృష్ట్యా, గున్వోర్‌కే అప్పగించారు.

నవంబరు చివరివారంలో అలంకరణ మొదలైంది. కిందటి జనవరిలో బుద్ధిగా చుట్టి పెట్టిన సీరియల్ బల్బులు పదినెలల్లో పెట్టెలో వాటంతట అవే ముడులు వేసుకున్నాయి. విప్పడానికి గున్వోర్‌కు రెండు రోజులు పట్టింది. విప్పాక వెలగలేదు. తరవాత క్రిస్మస్ చెట్టు వలలో చుట్టుకుని వచ్చింది. వల కోశాక చెట్టుకు ఒకవైపు కొమ్మల్లేవని తేలింది. బోడివైపును సైకిళ్ల షెడ్డుకేసి తిప్పమని అధ్యక్షుడు తీర్పు చెప్పాడు. షెడ్డు పక్క ఆరు కుటుంబాలు మేమేం పాపం చేశామని ఉమ్మడిగా లేఖ రాశాయి. అత్యవసర సమావేశం జరిపి, చెట్టును రోజుకు నాలుగుసార్లు పావువంతు చొప్పున తిప్పాలని, ఆ విధంగా బోడితనం సభ్యులందరికీ సమానంగా అందాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. తిప్పే బాధ్యత అలంకరణ ఉపసంఘానిది.

క్రిస్మస్ అలంకరణకని ముంగిట్లో నిలబెట్టిన గడ్డితో చేసిన మేకబొమ్మను అడవివైపు నుంచి వచ్చిన ఒక జింక రెండు పూటల్లో తినేసింది. శుక్రవారానికి తలా కొమ్ములూ ఎర్ర రిబ్బనూ మిగిలాయి. టోర్‌స్టెన్ వాటిని ఒక పొద మీద పెట్టించి, మేక పొద వెనక పడుకుని ఉన్నట్టు భావించవలసిందిగా సభ్యులను కోరాడు. మేకే విశ్రాంతి తీసుకుంటుంటే మనకేమి అని నోటీసు బోర్డులో రాయించాడు కూడా.

నవ్వే పరిస్థితి కాదు. వీధికి అటువైపున్న స్వాలన్ సంఘం చెట్టుకు అన్నివైపులా కొమ్మలున్నాయి. అడ్వెంట్ సోమవారం ఊరి పత్రికలో మొదటిపేజీ ఫోటో వరసగా మూడేళ్లు వాళ్లదే. ఈసారి ఫోటోగ్రాఫర్ని ఆదివారం మూడున్నరకు ముందుగా మా ముంగిట్లోకి పంపేలా టోర్‌స్టెన్ పత్రికవాళ్ల దగ్గర మాట తీసుకున్నాడు. ఆ మాట మీదే మా పరువంతా ఆధారపడి ఉంది.

ఈ పనుల మధ్య గున్వోర్ ఇరవై నిమిషాలు తొమ్మిది రోజులపాటు వాయిదా పడ్డాయి. గోథెన్‌బర్గ్‌లో ఉంటున్న కూతురు టీరా ఫోనులో తల్లి గొంతు విని, మర్నాడే ఒక జాడీ పంపించింది. అందులో బూడిదరంగు బంకమట్టి. ముఖానికి పట్టించి ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. మాట్లాడకూడదు, మాట్లాడితే పగుళ్లు వస్తాయి. ఆదివారం మూడింటికి గున్వోర్ మట్టి పట్టించుకోబోతుంటే, ఫోటో అయ్యాక పట్టించుకోరాదా అని ఆల్వార్ అడిగాడట.

“తొమ్మిది రోజులైంది ఆల్వార్,” అంది గున్వోర్. “ఈ ఇరవై నిమిషాలూ నేను లేననుకో.”

“అలాగే అనుకుంటాలే. కాఫీ వడగట్టే కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి, అప్పుడు లేకుండా పో.”

మూడూ పదికి ముంగిలి నడుమ స్తంభానికి కట్టిన పెద్ద నక్షత్రం ఆరిపోయింది. అప్పటికే మసక చీకటి పడింది. సభ్యులందరూ పిల్లాపాపలతో కిందికి దిగి నిలబడ్డారు. ఆ నక్షత్రంలో బల్బు ఎలా బిగించాలో ఊళ్లో గున్వోర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. పద్నాలుగేళ్లుగా తెలుసుకోవలసిన అవసరం మాలో ఎవరికీ రాలేదు. టోర్‌స్టెన్ ఫోన్ చేశాడు. ఆల్వార్ ఎత్తి, ఆవిడ లేదు అన్నాడు. టోర్‌స్టెన్ ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. గున్వోర్‌కు ఆ మాటలు మంచం మీదికే వినిపించాయి.

ఆమె వచ్చింది. తెల్లటి స్నానాల గౌను, ఉన్నిటోపీ, ఆల్వార్ రబ్బరు బూట్లు. ముఖమంతా ఎండి బిగుసుకున్న బూడిదరంగు మట్టి, మధ్యలో రెండు కళ్లు. చేతిలో కొవ్వొత్తి లాంతరు. టార్చి ఆల్వార్ ఎక్కడో పెట్టాడు, ఎక్కడని అడగాలంటే నోరు తెరవాలి మరి. ముంగిట్లో అందరూ చప్పున మాట్లాడటం మానేశారు. ఆమె జనం మధ్యనుంచి నడిచివెళ్లి నిచ్చెన ఎక్కి, లాంతరు కొక్కానికి తగిలించి, బల్బు బిగించింది. నక్షత్రం వెలిగింది. కొందరు మగవాళ్లు ఎందుకో టోపీలు తీశారు. నేనూ తీశాను.

గున్వోర్ దిగలేదు. మామూలుగా ఆమె నిచ్చెన మీద ఉందంటే కిందనుంచి కనీసం ఏడుగురు ఏడు సంగతులు అడుగుతుంటారు: జంక్షన్ బాక్సు ఎక్కడ, తాళం ఎవరి దగ్గర, అల్లం బిస్కెట్లు సరిపోతాయా. ఆ వేళ అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమె పై మెట్టు మీద నిలబడి మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూసింది. తరవాత మంచు పట్టిన ఇళ్ల కప్పుల్ని చూసింది. ఆ తరవాత దేన్నీ చూడలేదు. అలా పన్నెండు నిమిషాలు.

అప్పటికే వచ్చిన ఫోటోగ్రాఫర్ నాలుగువైపుల నుంచీ ఫోటోలు తీసి, టోర్‌స్టెన్ దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది.

“ఏంటిది?”

టోర్‌స్టెన్ తన జీవితంలో ఎన్నడూ తెలియదు అన్న మాట అని ఎరగడు.

“మా ఆచారం,” అన్నాడు.

“ఎప్పట్నించి?”

“పాతది.”

“అంటే, ఎంత పాతది?”

“మా తాతల నాటికే పాతది.”

మా భవనాలు కట్టి అప్పటికి అరవై ఏళ్లు.

సోమవారం పత్రిక మొదటిపేజీ నిండా గున్వోర్ ముఖమే. లార్కన్‌లో బూడిదమ్మ దర్శనం అని శీర్షిక. స్వాలన్ సంఘం ఫోటో ఆ ఏడు వాతావరణ వార్తల కింద పడింది. బుధవారం నాటికి మ్యూజియం పండితుడు ఎస్కిల్ బ్రాండేలియస్ సగం పేజీ వ్యాసం రాశాడు. బూడిదమ్మ చర్చిలు రాకముందటిదని, మట్టి శీతకాలపు భూమికి గుర్తని, నిచ్చెన భూమికీ ఆకాశానికీ సంబంధమని, మౌనం మౌనమేనని తేల్చాడు. రబ్బరు బూట్ల విషయంలో పరిశోధన ఇంకా జరగవలసి ఉందని ఒప్పుకున్నాడు. అది ఆయన నిజాయితీ. పై వారం స్వాలన్ సంఘంవారు తమ దగ్గర ఇలాంటి అమ్మలు ఇద్దరుండేవారని ప్రకటన ఇచ్చారు. బేకరీలో బూడిదరంగు పాకం పూసిన యాలకుల బన్నులు వచ్చాయి. రుచి పర్వాలేదు.

గున్వోర్ సిగ్గుతో చచ్చిపోయింది. రెండు వారాలు పని నుంచి దొడ్డిదారిన ఇంటికొచ్చేది. ఫిబ్రవరి వార్షిక సమావేశంలో ఇక ఆగలేక లేచి నిలబడి, సంచిలోంచి జాడీ తీసి బల్లమీద పెట్టింది.

“ఇది ఫేస్ ప్యాక్,” అంది. “మా టీరా పంపింది. మూత మీద ఏం రాసుందో చదువుకోండి. పొడి చర్మానికి అని ఉంది. నాకు అలసటగా ఉండి పడుకున్నాను. మీరు పడుకోనివ్వలేదు. జరిగింది అంతే.”

టోర్‌స్టెన్ కళ్లు తుడుచుకుని లేచాడు.

“మిత్రులారా, ఎంత వినయం చూశారా. నిజమైన ఆచారాన్ని మోసేవాళ్లు తాము మోస్తున్నామని ఎన్నడూ ఒప్పుకోరు. కాదనడం కూడా ఆచారంలో భాగమేనని బ్రాండేలియస్ నాకు ముందే చెప్పాడు. గున్వోర్ ఇప్పుడు మన కళ్లముందే ఆ ఘట్టాన్ని నెరవేర్చింది.”

చప్పట్లు మోగాయి. ఆల్వార్ చెయ్యెత్తి, నా భార్య అబద్ధం చెప్పదు అన్నాడు. ఆ మాటను భర్తగారి సంప్రదాయ ప్రతివచనంగా మినిట్స్‌లో నమోదు చేశాను. టోర్‌స్టెన్ పిలుపు మీద వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్న మ్యూజియం పండితుడు దాన్ని తన పుస్తకంలోనూ ఎక్కించుకున్నాడు. తరవాత ఆయన గున్వోర్ వైపు వంగి, ఈ ఆచారానికి నియమాలేమైనా పెద్దల నుంచి వినివున్నారా అని భక్తిగా అడిగాడు.

గున్వోర్ ఆయన్ని చాలాసేపు చూసింది. పుచ్చిన పన్ను దాస్తున్న పిల్లవాణ్ని చూసే చూపు అది. చూస్తుండగానే ఆమె ముఖంలో ఏదో మారింది. జాడీ సంచిలో పెట్టేసి, మళ్లీ కూర్చుంది.

“ఉన్నాయి,” అంది. “రాసుకోండి.”

ఆమె చెప్పింది, నేను రాశాను. బూడిదమ్మ మట్టి పట్టించుకున్న ఇరవై నిమిషాలూ ఎవరూ ఆమెను పలకరించరాదు. ఏ వస్తువూ ఎక్కడుందని అడగరాదు. ఆమె దిగేసరికి కాఫీ సిద్ధంగా ఉండాలి, కాచినవాళ్లే గిన్నెలు కడగాలి. అడ్వెంట్‌లో ఆమె వైర్లు, బల్బులు, చెట్టు ముట్టుకుంటే ఊరికి అరిష్టం. ఇది ఒక్క ఆదివారానికేనా అని పండితుడు అడిగితే, కాదు, క్రిస్మస్ అయిన ఇరవయ్యో రోజు దాకా ప్రతిరోజూ అంది. నిచ్చెన తప్పనిసరా అని అడిగితే, కాసేపు ఆలోచించి, పూర్వం సోఫా కూడా చెల్లేది అంది. తన సిద్ధాంతం అక్షరాలా రుజువైందని పండితుడు పొంగిపోయాడు.

మరుసటి ఏడాది మా సంఘంలో పదకొండుగురు స్త్రీలు బూడిదమ్మలయ్యారు. ఆ పైఏడు వీధంతా అయ్యింది. ఈ ఏడు బూడిదమ్మ కావడానికి ఊళ్లో నూట అరవై మూడు దరఖాస్తులు వచ్చాయి. యువతరానికి, అందులోనూ ఉద్యోగాలు చేసే తల్లులకు, ప్రాచీన సంస్కృతి మీద ఇంత మక్కువ ఉందని తాను ఊహించలేదని టోర్‌స్టెన్ ప్రసంగంలో అన్నాడు. సీరియల్ బల్బుల ముడులు ఇప్పుడు ఆయనే విప్పుతున్నాడు. చెట్టు తిప్పే వంతు నాది. మగవాళ్లం కూడా మట్టి పూసుకోవచ్చా అని ఒక సభ్యుడు దరఖాస్తు పెట్టగా, మగవారి ప్రాచీన పాత్ర కాఫీ కాయడమేనని మ్యూజియం నుంచి లిఖితపూర్వకంగా జవాబు వచ్చింది.

గున్వోర్ బీపీ దిగింది. మొన్న ముంగిట్లో కనబడితే, కార్యదర్శిగా కాక పొరుగువాడిగా అడిగాను: నాలుగేళ్లు గడిచాయి, ఇప్పటికైనా నిజం చెప్పేస్తే మనసుకు తేలిక కాదా అని.

“చెప్పానుగా,” అంది. “నిజం చెప్పినప్పుడు చప్పట్లు కొట్టారు. అబద్ధం చెప్పాక పడుకోనిచ్చారు.”

ఈ ఏటికి ఇక ఖాళీలు లేవు కాబట్టి పొరుగూళ్ల స్త్రీలు దరఖాస్తులు పంపవద్దని సంఘం తరఫున మనవి. మీ ఊళ్లోనే కానివ్వవచ్చు. మట్టి ఏదైనా ఫరవాలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. అలసిపోయాను, కాసేపు నడుం వాలుస్తాను అని మాత్రం అనకండి. అలా అంటే ఇంటిల్లిపాదీ అయ్యో పాపం అని, ఇంతకీ రాత్రికి వంటేమిటని అడుగుతారు. ఇది ఆచారం అనండి. టీవీ కట్టేసి, పిల్లల నోళ్లు మూసి, మునివేళ్ల మీద నడుస్తారు.