తనిఖీ చేయ వచ్చును

పర్యావరణాన్ని కాపాడేవి చెట్లనీ చెరువులనీ ఎవరైనా చెబితే నమ్మకండి. దాన్ని కాపాడేది ‘వచ్చును’ అనే మాట. ఆ మాటే లేకపోతే మన రాష్ట్రానికి ఇంత చక్కని పర్యావరణ చట్టం దక్కేదే కాదు!

మీరు చట్టాలు చదివి ఉండరు. మంచిదే. వాటిలో రెండు రకాల మాటలుంటాయి. ఒకటి ‘వలెను’. అది బెత్తం పట్టుకున్న పంతులు. చేయవలెను, చూడవలెను, రాయవలెను. తప్పించుకునే సందు లేదు. రెండోది ‘వచ్చును’. అది పెళ్లికొచ్చిన మేనమామ. తినవచ్చును, తినకపోవచ్చును, అలిగి మధ్యలో లేచిపోవచ్చును. ఎవరూ ఏమీ అనరు.

ముసాయిదా రాసే కమిటీలో దీనిమీద పెద్ద చర్చే జరిగిందట. మురుగు కలిసిన బావులను అధికారి తనిఖీ చేయవలెను అని మొదట రాశారు. కమిటీ పెద్ద రామ్మోహనరావు గారు కళ్లజోడు తీసి, “వలెను అని రాస్తే వెళ్లవలసి వస్తుంది కదండీ!” అన్నారు. అందరూ ఉలిక్కిపడ్డారు.

నిజమే కదా? బావి దగ్గరికి వెళ్తే బురద. బురదలో బూట్లు. ఒక బావి చూస్తే పక్క బావివాళ్లు పిలుస్తారు. బావులయ్యాక చెరువులు. చెరువులన్నీ చెరువులుగానే ఉండిపోతే ఇళ్లెక్కడ కట్టుకోవాలి? కట్టుకున్న ఇళ్లు వానాకాలంలో ఎక్కడ మునగాలి? మనది అభివృద్ధి చెందుతున్న దేశం. చట్టం కూడా మెల్లగా చెందుతూ ఉండాలి. ఒక్కసారే చెందిపోతే రేపటికేం మిగులుతుంది?

అందుకని ‘వలెను’ కొట్టేసి ‘వచ్చును’ పెట్టారు. రాష్ట్రానికి గండం గడిచింది.

కాకపోతే, తెలుగు ప్రతి అచ్చు వేసేటప్పుడు ఎవరి వేలు జారిందో ఏమో, ‘చేయ’కూ ‘వచ్చును’కూ నడుమ చిన్న ఖాళీ పడింది. ‘అధికారి బావులను తనిఖీ చేయ వచ్చును.’

ఆ ఖాళీలో పడ్డవాడు పర్వతాలు.

పర్వతాలుది నగరం అంచున ఉన్న యాప్రాల్. అతనికో బావి, నాలుగు బర్రెలు. వాటి వెనక మొన్నమొన్న లేచిన అపార్ట్‌మెంటు. ఆ అపార్ట్‌మెంటు మురుగు ఎటు పోవాలో ప్లానులో ఉంది. ఎటు పోతోందో పర్వతాలు బావిలో ఉంది. నీళ్లు నల్లబడ్డాయి. బర్రెలు మూతి పెట్టి, బుస్సుమని వెనక్కి తీసుకుంటున్నాయి. అందుకని అతను పొద్దున్నే మోపెడ్ మీద కార్ఖానా అనే పేటకు పాలు మోసుకెళ్లి, పాలు పోసిన ఇళ్ల నల్లాల దగ్గరే అడిగి, డబ్బాలతో నీళ్లు మోసుకొస్తున్నాడు. పాల వ్యాపారానికీ నీళ్లకూ ఉన్న చుట్టరికం మీకు తెలియంది కాదు. అయితే ఇది వేరే చుట్టరికం.

“గిట్ల ఎన్ని దినాలు మోస్తవయ్యా? అమ్మేద్దాం బర్రెల్ని,” అంటుంది భార్య బాలమ్మ.

పర్వతాలు నీళ్ల డబ్బాలు దించుకుంటాడు. అతనికి ఇంకో పని రాదు. పైగా వాటిలో ఒకటి చూలుతో ఉంది.

అలాంటి రోజుల్లో కార్ఖానాలోని ఓ ఫంక్షన్ హాల్లో ముసాయిదా మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. పక్క నాలా కంపు రాకుండా కిటికీలు మూసి, ఏసీలు వేసి, కరెంటు పోగానే జనరేటరు పెట్టి, ఆ మోతలో శబ్ద కాలుష్యం మీద ప్రసంగించారు. వినపడలేదు గానీ చాలా బాగుందట! పర్వతాలు పాలడబ్బా గుమ్మం పక్కన పెట్టి చేతికిచ్చిన తెలుగు ప్రతితో చివరి కుర్చీలో కూర్చున్నాడు. అతనిది ఊరి బడి చదువు. వేలు పెట్టి, ఒక్కో మాటా విడదీసి చదువుతాడు. చదివాడు. మళ్లీ చదివాడు. లేచి నిలబడ్డాడు.

“సార్, తనిఖీ చేయ... వచ్చును అని రాసిండ్రు. ఎప్పుడొస్తరు?”

రామ్మోహనరావు గారు చల్లగా నవ్వారు. “ఎప్పుడైనా రావచ్చు.”

ఇంకేం కావాలి? ఇంటికి వెళ్లి, “తనిఖీకి సారు వస్తడట. అచ్చేసిండ్రు,” అన్నాడు.

“ఎప్పుడొస్తడట?”

“ఎప్పుడన్న.”

“గట్లనే వస్తరు. చెప్పి వస్తే అపార్ట్‌మెంటోళ్లు మురుగు బంద్ చేసుకోరా మరి?” అంది బాలమ్మ. ఆ పూట బర్రెలు అమ్మే మాట ఎత్తలేదు.

చట్టం పాసైంది. సారు బూట్లు పాడవకుండా పర్వతాలు బావి దాకా బండలు పరిచాడు. కూర్చోవడానికి ఓ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. వానలొచ్చాయి, పోయాయి. కుర్చీలో కోడి గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది.

‘వచ్చును’ మహిమ ఇప్పుడైనా అర్థమైందా? అదే ‘వలెను’ అయితే సారు ఒక్కసారి వచ్చి చూసి పోయేవాడు. సంగతి తెగిపోయేది. ‘వచ్చును’ కాబట్టి ఆ ఇంటికి రోజూ వస్తూనే ఉన్నాడు! ఏ మోపెడ్ చప్పుడైనా ఆయనదే. ఇంత హాజరు ఏ ఆఫీసులో ఉందో చూపించండి, నేను రాయడం మానేస్తాను.

“ఏడీ నీ సారు? పిల్లలు బయటికొచ్చినంక వస్తడా?” అంది బాలమ్మ కోడి వంక చూసి. “బొల్లారం బేరగాడు ఐతారం వస్తడట. చూలుదాన్నే అడుగుతుండు. నేనైతే సరేనన్న.”

పర్వతాలు చూలుదానికి గడ్డి వేయడానికి వెళ్లాడు.

మురుగు నిలిచినచోట దోమలు రాకుండా ఉంటాయా? ఆ సాయంత్రం చూలుబర్రె తోక కొట్టి కొట్టి అలసిపోతుంటే, పర్వతాలు గుప్పెడు ఎండు వేపాకులు పోగేసి పొగ పెట్టాడు. అపార్ట్‌మెంటు బాల్కనీలో కల్పలత గారికి దగ్గొచ్చింది. ఫోనుతో ఫొటో తీసి ప్రభుత్వం వారి యాప్‌లో పెట్టారు.

పొగ ఆరకముందే సారు వచ్చాడు!

పర్వతాలు మొహం చూడాలి అప్పుడు. కోడిని లేపి, కుర్చీ తువ్వాలుతో తుడిచాడు. “నే జెప్పలే? వచ్చిండు జూడు!” అని లోపలికి కేకేశాడు. బాలమ్మ బావినీళ్లే చెంబుతో ముంచి తెచ్చింది.

సారు కూర్చోలేదు. “పొగ వెట్టింది నువ్వేనా పెద్దాయన? ఆకులు కాలవెట్టుడు బంద్ అని ఎరుక లేదా? ఫైన్ పడ్తది.”

ఆ సెక్షన్ వేరు మరి. ‘ఆకులు కాల్చినచోటికి అధికారి వెంటనే వెళ్లవలెను, జరిమానా విధించవలెను.’ అచ్చులో ఖాళీ కూడా పడలేదు. పొగకు వలెను, మురుగుకు వచ్చును. మన కమిటీకి తెలుగు రాదని అన్నవాళ్లెవరు?

“ఎయ్యండి సార్ ఫైను. జెర బావి సుత చూడుండ్రి. ఐతారం బర్రెను అమ్ముకునేటట్టున్న,” అన్నాడు పర్వతాలు. అతని నోట ఒక్కసారే అన్ని మాటలు రావడం బాలమ్మ ఎన్నడూ వినలేదు.

సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చెంబులోకి తొంగిచూశాడు. బావి వైపు తల తిప్పలేదు.

“చూడొచ్చు,” అన్నాడు. బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

“ఏమన్నడు?” అంది బాలమ్మ.

“చూడొచ్చు అన్నడు.”

“అంటే?”

పర్వతాలు చెంబులో నీళ్లు పారబోశాడు.

“రాడు.”

మర్నాడు మిట్టమధ్యాహ్నం అతను చెట్టు కింద వేపాకులు ఊడుస్తున్నాడు. కుప్ప నడుమెత్తు లేచింది. దాన్ని మోసుకొచ్చి సరిగ్గా బావి గట్టు మీద పోశాడు. బాలమ్మ పరుగెత్తుకొచ్చింది.

“పిచ్చి గిట్ల లేసిందా నీకు? గింత ఎండల దోమలేడున్నయ్?”

“దోమలకు కాదే,” అన్నాడు పర్వతాలు అగ్గిపుల్ల గీస్తూ. “సారుకు.”