మూడు స్ట్రైకులైతే ఔటా?

ప్రత్యేక తెలంగాణకూ బేస్‌బాల్ ఆటకూ విడదీయరాని సంబంధం ఉందనే చారిత్రక సత్యాన్ని లోకంలో మొట్టమొదట కనిపెట్టిన మహానుభావుడు జనగామ కిరాణా వర్తకుడు వీరేశం! లోకమంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. చౌరస్తా దగ్గర ఆయన దుకాణం అరుగు మీద కూర్చుని పేపరు చదివేవాళ్లూ, పావుకిలో పప్పు కోసం వచ్చి ఆయన మాటల్లో ఇరుక్కుపోయేవాళ్లూ కలిస్తే ఆ లోకం పూర్తవుతుంది.

క్రికెట్ మీద అభిప్రాయం లేని మనిషి జనగామలో లేడు. అందువల్ల అక్కడ ఎవరి అభిప్రాయానికీ చిల్లిగవ్వ విలువ లేదు. తన మాటకు విలువ ఉండాలని చిన్నప్పటి నుంచీ ఆశపడ్డ వీరేశానికి ఒక తెల్లవారుజామున టీవీలో అమెరికా వాళ్ల ఆట కనబడింది. లావుపాటి మనిషొకడు బ్యాటు భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఎదుటివాడు బంతి విసిరాడు. బ్యాటు తగిలింది. బంతి దీపాల వెలుగులోంచి పైకి లేచి, జనం తలల మీదుగా ఎగిరి, ఎక్కడికో వెళ్లిపోయింది. వీరేశం నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. ఆనాటి నుంచి పాలవాడి కంటే ముందే లేచి టీవీ పెట్టేవాడు. ఆ ప్రేమలో మాత్రం కల్తీ లేదు. ఆయన దుకాణంలో అలాంటి సరుకు మరొకటి ఉండేదో లేదో చెప్పలేం.

సొంతంగా ఆయన ఏనాడూ బ్యాటు ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరం రాలేదు. ఎదురు చెప్పేవాడే లేని ఊళ్లో ఆడి నిరూపించాల్సింది ఏముంది?

అట్లాగని ఆ చుట్టుపక్కల ఆట లేదనుకోకండి. బేస్‌బాల్ ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందని తెలిసిన నాటి నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు ఊళ్లలోనూ జట్లు వెలిశాయి. బ్యాట్ల కంటే సర్టిఫికెట్లు ఎక్కువున్న జట్లవి. వాటి మీద వీరేశానికి స్థిరమైన అభిప్రాయాలుండేవి. మానుకోట వాళ్ల భుజంలో, అంటే మహబూబాబాద్ వాళ్ల భుజంలో, మిరపకాయ ఘాటుందని, బంతి బలంగా విసురుతారు గాని ఎటు విసురుతారో వాళ్లకే తెలియదని చెప్పేవాడు. భూపాలపల్లి వాళ్లు కొడితే బంతి చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టం దాటుతుందట, కాని పరుగెత్తమంటే షిఫ్టు దిగి ఇంటికి పోతున్నట్టు నడుస్తారట. జనగామ వాళ్లది కరువు నేల గనుక వాళ్లకు ఓపిక ఎక్కువట. గెలవడానికి అదొక్కటే చాలదన్న విషయం ఆయన సాధారణంగా ప్రస్తావించేవాడు కాదు.

దేశ రాజకీయాలు కూడా ఆయనకు బ్యాటూ బంతీ గానే అర్థమయ్యేవి. రాష్ట్రమిస్తామని ఢిల్లీ డిసెంబరు తొమ్మిదిన బంతి విసిరి, ఇరవై మూడున గాలిలో ఉన్నదాన్ని వెనక్కి లాక్కున్నదని, ఇలా విసిరేవాడు అమెరికాలో కూడా లేడని తేల్చేశాడు. విన్నవాళ్లు నిజమేనన్నట్టు తలలూపి, పప్పు కట్టించుకుని వెళ్లిపోయేవారు.

ఇంత సుఖంగా సాగుతున్న జీవితంలో ఒకే ఒక ముల్లుండేది. దాని పేరు చందూలాల్. మహబూబాబాద్‌లో బట్టల వర్తకుడు. తాతల కాలంలో రాజస్థాన్ నుంచి వచ్చిన కుటుంబం. ఈయన మాత్రం మానుకోటలోనే పుట్టి, మానుకోట మాటే మాట్లాడే మనిషి. ఆయన కూడా తెల్లవారుజామునే టీవీ పెడతాడని, పైగా తానే అసలైన అభిమానినని చెప్పుకుంటున్నాడని తెలిసిన రోజు వీరేశం అన్నం సరిగా తినలేదు. ఇద్దరి కన్నూ జిల్లా బేస్‌బాల్ అభిమానుల సంఘం అధ్యక్ష పదవి మీద ఉండేది. ఆ సంఘంలో సభ్యులు ఇంకా చేరలేదు గాని పదవి మాత్రం సిద్ధంగా ఉంది.

అప్పుడు సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో నిలిచాయి, బొగ్గు బాయిల్లో పని ఆగింది. కులానికొకటి, వృత్తికొకటి చొప్పున జేఏసీలు లేచాయి. మంగలి షాపుల వాళ్లు రోడ్డు మీద గడ్డాలు గీశారు, వంటల వాళ్లు రోడ్డు మీద వంటలు చేశారు. ఎవరి పని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చి చెయ్యడమే ఉద్యమమైన ఆ రోజుల్లో వీరేశానికి గొప్ప ఆలోచన తట్టింది. చౌరస్తాలో హైదరాబాద్ రోడ్డుకు అడ్డంగా బేస్‌బాల్ మ్యాచ్ పెడితే రాస్తారోకో అవుతుంది, ఆటా అవుతుంది, పేపర్లో ఫొటో కూడా వస్తుంది.

పట్టణ జేఏసీ కన్వీనర్ సుదర్శన్ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆయన సర్కారు బడిలో తెలుగు సారు. సమ్మెలో ఉన్నందువల్ల ఉపన్యాసాలకు బోలెడంత తీరిక. జనగామ, మహబూబాబాద్ జట్లు ఆడాలని, గెలిచిన ఊరి అభిమానికి అక్కడికక్కడే జిల్లా అధ్యక్షుడిగా దండ వెయ్యాలని ఖాయమైంది. ఆ రోజు వర్తకులంతా బంద్ పాటించాలని కూడా తీర్మానించారు. సద్దుల బతుకమ్మ ముందు రోజు అది. వీరేశం వేదికెక్కి, ఛాతీ చరుచుకుని, జనగామలో ఒక్క షట్టరు లేవదని ప్రమాణం చేశాడు.

షట్టరు నిజంగానే లేవలేదు. వెనుక సందులో ఉన్న తలుపు గురించి ప్రమాణంలో ఏమీ లేదు. పండుగ నైవేద్యానికి సద్దులు కలపాలంటే నువ్వులు కావాలి, పల్లీలు కావాలి, బెల్లం కావాలి. వాటి కోసం ఎదురుచూసే ఆడవాళ్లకు ఉద్యమం ఎంత ముఖ్యమో నువ్వులూ అంతే ముఖ్యం. వీరేశం భార్య సరస్వతి ఈ సంగతి గ్రహించి, మామూలు ధరకు పండుగ ధర కలిపి, తెల్లవారకముందే వెనుక తలుపు తీసింది. వీరేశానికి తెలుసు. పదవి వచ్చే రోజున ఆ తలుపు సంగతి బయటపడితే దండ మాట దేవుడెరుగు, చౌరస్తాలో తలెత్తుకుని తిరగలేడు. అందుకే ఆట మొదలైన దగ్గర నుంచీ ఆయన కన్ను సగం బంతి మీద, సగం సందు మీద ఉంది.

మహబూబాబాద్ జట్టును చందూలాల్ తన డీసీఎం వ్యానులో తీసుకొచ్చాడు. అంపైర్‌గా ఏ ఊరి పక్షమూ కాని మనిషి కావాలన్నారు. పాలకుర్తిలో అత్తగారింటికి వచ్చిన సాంసన్ దొరికాడు. భూపాలపల్లిలో బొగ్గు బాయి కార్మికుడు, సమ్మెలో ఉన్నవాడు. బేస్‌బాల్ ఎన్నడూ చూడలేదు గాని గొంతు పెద్దది.

వీరేశం మైకు పుచ్చుకుని నియమాలు వివరించాడు. బంతి సరిగ్గా వచ్చినా బ్యాటరు కొట్టలేకపోతే అది ఒక స్ట్రైకు. మూడు స్ట్రైకులైతే బ్యాటరు ఔటు. చప్పట్లు పడతాయనుకున్నాడు. జనం గుసగుసలాడారు. సుదర్శన్ సారు ముఖం గంభీరంగా మారింది. ఆయన లేచి మైకు తీసుకున్నాడు.

"ఎవడు చెప్పిండు మూడు స్ట్రైకులు చేస్తే ఔటని? యాభై రెండుల ఒకటి చేసినం. అరవై తొమ్మిదిల ఒకటి చేసినం. గిది మూడోది. అంటే మనం ఔటా, వీరేశం?"

ఇది అమెరికా వాళ్లు పెట్టిన నియమమని వీరేశం గొణిగాడు. అమెరికా వాళ్లకు ఉద్యమమంటే ఏం తెలుసని సారు కొట్టిపారేసి, అక్కడే నియమాన్ని సవరించాడు. ఇక నుంచి స్ట్రైకు చేసినవాడిదే పాయింటు. బ్యాటు ఊపినవాడు సమ్మెలో పని చేసినట్టు లెక్క, వాడే ఔటు. సాంసన్‌కు ఈ నియమం వెంటనే అర్థమైంది. నిజానికి ఆ మాటకు ఇంకో అర్థముంటుందని ఆయన అనుకోనే లేదు.

మహబూబాబాద్ బ్యాటరు నిలబడ్డాడు. బంతి వచ్చింది. వాడు కదల్లేదు. "స్ట్రైక్" అని సాంసన్ అరిచాడు. చౌరస్తా అంతా జిందాబాద్ కొట్టింది. రెండో బంతికి బ్యాటరు బ్యాటు కింద పడేసి చేతులు కట్టుకున్నాడు. ఇంకో జిందాబాద్. మూడో బంతికి రోడ్డు మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. తాను విసరడం వల్లే అవతలివాళ్లకు పాయింట్లు వస్తున్నాయని జనగామ కుర్రాడికి అప్పుడు వెలిగింది. వాడూ బంతి పక్కన పెట్టి కూర్చున్నాడు. విసరకపోవడం కూడా సమ్మెనే కాబట్టి జనగామకూ పాయింటు ఇవ్వాలని సారు తీర్పిచ్చాడు. బేసులనే పరుగు మజిలీల దగ్గరున్నవాళ్లు కూర్చున్నారు. దూరాన ఉన్నవాళ్లు పడుకున్నారు. ప్రపంచ బేస్‌బాల్ చరిత్రలో రెండు జట్లూ ఇంత పట్టుదలగా ఆడకుండా పోటీ పడిన సందర్భం మరొకటి ఉండదు!

ఎండ ముదిరింది. పాయింట్లు సమానంగా ఉన్నాయి. ఫొటో తీసిన విలేకరులు చాయ్‌కి పోయారు. ఇట్లా తేలదని, అభిమానులిద్దరే ఎదురెదురుగా నిలబడాలని జనం పట్టుబట్టారు. చందూలాల్ చేతికి బంతి, వీరేశం చేతికి బ్యాటు ఇచ్చారు. విసిరితే చందూలాల్ ఔటు, ఊపితే వీరేశం ఔటు. కదలకుండా ఉన్నవాడే అధ్యక్షుడు.

వీరేశం మొదటిసారి బ్యాటు పట్టుకున్నాడు. టీవీలో కనిపించినంత తేలిక కాదది. టీవీలో లావుపాటి మనిషి నిలబడినట్టే భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఎందుకో చాలా సంతోషమేసింది.

చందూలాల్ మాత్రం వ్యాపారి బుద్ధి పోనిచ్చుకోలేదు. చేతిలోంచి జారినట్టుగా, తన తప్పేమీ లేనట్టుగా, బంతిని మెల్లగా వదిలాడు. అది తీరుబాటుగా, నిండుగా, వీరేశం నడుము ఎత్తున వచ్చింది. ఇన్నేళ్లు తెల్లవారుజామున నిద్ర చెడగొట్టుకుని ఆయన ఎదురుచూసిన బంతి అదే. పదవి గుర్తుకు రాలేదు, సమ్మె గుర్తుకు రాలేదు. ఊపాడు.

బంతి లేచింది. కరెంటు తీగల మీదుగా, గులాబీ జెండాల మీదుగా, దించిన షట్టరు మీదుగా, దుకాణం డాబా మీదుగా పోయి వెనుక సందులో పడింది. వీరేశం చిన్నపిల్లవాడిలా రెండు చేతులూ ఎత్తి గంతేశాడు. జీవితంలో అంత ఆనందం ఆయన ఎరగడు. అది ఎక్కడ పడిందో తెలిసిన మరుక్షణం ఎత్తిన చేతులు దించేశాడు.

ఆ బంతి పోతే పోయిందని, ఇంకోటి తానే తెప్పిస్తానని అరిచాడు. వినేవాడెవడు? జనం సందు వైపు కదిలారు. అందరికంటే ముందు వీరేశమే పరుగు తీశాడు. బేసు అటు కాదని, ఇటని సాంసన్ వెనుక నుంచి కేకలేశాడు. ఆ ఆటలో మూడు బేసులు తిరిగితే గాని హోం, అంటే బయలుదేరిన చోటు, చేరకూడదు. వీరేశం నేరుగా ఇంటికే పరుగెత్తాడు.

సందు నిండా సంచులతో ఆడవాళ్లు వరుస కట్టి ఉన్నారు. గుమ్మంలో సరస్వతి తక్కెడ పట్టుకుని ఉంది. బంతి పల్లీల బస్తాలో పడి ఉంది. దాని పక్కనే కొత్త చీరెల మూట విప్పి ఉంది. ఆ మూట ఎక్కడిదని వీరేశం ఆశ్చర్యపోయాడు. డీసీఎంలో జట్టుతో పాటు అదీ వచ్చిందని, అమ్మిపెడితే తనకు కమీషన్ ఇస్తానన్నాడని చెబుతూ సరస్వతి నెమ్మదిగా చందూలాల్ వైపు చూపించింది. చందూలాల్ ఆకాశం వైపు చూశాడు.

సుదర్శన్ సారు ముందుకొచ్చాడు. కోపంతో ఎర్రబడ్డ ముఖం. బంద్ రోజున ఈ అన్యాయమేమిటని గర్జించడానికి నోరు తెరిచాడు. వరుసలో మొదట నిలబడిన ఆవిడ వెనక్కి తిరిగింది. ఆయన భార్య శశికళ.

"ఏంది గట్ల చూస్తవు? నువ్వే గదా, ఎనుక నుంచి పోయి తెచ్చుకోమంటివి."

సారు తెరిచిన నోరు మూశాడు. ఆయన వెనుక వచ్చినవాళ్లలో ఒక్కొక్కరికీ వరుసలో ఒక్కొక్కరు కనబడసాగారు. ఒకరికి తల్లి, ఒకరికి అక్క, ఒకరికి వదినె. సాంసన్ ఒక్కడికే ఆ వరుసలో ఎవరూ లేరు. ఈ నెల జీతం లేక, పండుగ రోజుల్లో కూడా అత్తగారింట్లో పూట గడుపుతున్న మనిషి. బస్తాలోంచి బంతి తీసి, దుమ్ము తుడిచి, వీరేశం చేతిలో పెట్టాడు.

"మా బాయికి ఎనుక తలుపు లేదు సేటు," అన్నాడు. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

వీరేశం తల దించుకున్నాడు. ఒప్పుకోవాలనే అనిపించింది. జనం ముందు నిలబడి, తలుపు తనదే, తప్పూ తనదే అని చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. కాని అవకాశం రాలేదు. చాయ్‌కి పోయిన విలేకరులు సందు మొదట్లో కనబడుతున్నారు. సుదర్శన్ సారు చప్పున చెయ్యెత్తి, గంభీరమైన గొంతుతో జేఏసీ అత్యవసర తీర్మానం ప్రకటించాడు.

"సకల జనులు సమ్మెల ఉన్న యాళ్ల వీరేశం బ్యాటు ఊపి బంతి కొట్టిండు. గిది ఉద్యమ ద్రోహం. ఈయనను జేఏసీల నుంచి తీసేస్తున్నం. చందూలాల్ సేటే జిల్లా అధ్యక్షుడు."

సంచులు చంకలో పెట్టుకుని అందరూ చప్పట్లు కొట్టారు. వీరేశం కోసం తెచ్చిన దండ చందూలాల్ మెడలో పడింది. విలేకరులు రాసుకున్నారు, ఫొటో తీసుకున్నారు, తీర్మానం మరోసారి చదివించుకుని వెళ్లిపోయారు. వాళ్లు మలుపు తిరిగేదాకా సారు అదే గంభీరమైన ముఖంతో నిలబడ్డాడు. తర్వాత భార్య చేతిలోని సంచి తానే అందుకుని, గుమ్మంలోని సరస్వతి వైపు వంగి, గొంతు తగ్గించాడు.

"నువ్వులు అయిపోలేదు గదా వదినె? జర తెల్లటివి చూసి సంచిల పొయ్యి."